పడవ దీపమునకు పగటి యెండ

సూర్యాపేటకు భానుపురి యని పూర్వనామము. పేరునందే భానుని నిలుపుకొన్న ఆ పట్టణమునుండి కోదాడ మీదుగా దక్షిణమునకు దిగి పులిచింతల జలాశయము చేరువరకును, ఇటు మిర్యాలగూడ దాటి మూసీనది కృష్ణలో లీనమగు వాడపల్లి చేరువరకును ఎండకు కొదువ లేదు. వేసవిలో దానిని నిందింపని నోరును లేదు. అట్టి యెండను పగలు పట్టి, బ్యాటరీలో దాచి, రాత్రి పడవలో దీపముగా వెలిగించుకొనుట యెట్లన్నదే యిందలి విచారము.

వాడపల్లి రేవున నొక సాయంకాలము వేటకు బయలుదేరుచున్న పడవను చూచితిని. వెనుక చిన్న డీజిలు ఇంజను. దాని ప్రక్క చెక్కపెట్టెలో 12 వోల్టుల బ్యాటరీ, కొనలమీద తెల్లని పొడి పేరుకొని యున్నది. ముందువైపు వెదురుగడకు కట్టిన దీపము. వల విడిచి నీటిపై ఊరక కూర్చుండు వేళ గూడ, బ్యాటరీ దిగిపోవునను భయముచే ఇంజను నడుపుచునే యుండవలయునట. "ఒక్క లైటు కోసం ఇంజిను నడపాల్నా సారూ?" అని ఆ పడవవా డడిగినాడు. అక్కరలేదనియే సమాధానము, కాని ఆ సమాధానమునకు కొంత లెక్క కావలయును.

వెలుతురు సోకినప్పుడు కొన్ని పదార్థములయందు విద్యుత్తు పుట్టునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకెరెల్ 1839లోనే కనుగొనెను. అమెరికాలోని బెల్ ప్రయోగశాల వారు 1954లో సిలికానుతో చేసిన ఫలకము, తనపై బడిన వెలుతురులో నూటికి ఆరు పాళ్లు మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగినది. నేడు అంగడిలో దొరకు మంచి ఫలకములు ఇరువది పాళ్లకు మించియు మార్చుచున్నవి. మడిచి చంకన బెట్టుకొని పోదగిన సోలారు ఫలకములు వచ్చుటకు ఈ యభివృద్ధియే మూలము.

ఫలకము కొనుటకు ముందు అవసరమును కొలుచుకొనుట వివేకము. 10 వాట్ల దీపములు రెండు ఎనిమిది గంటలు వెలిగినచో 160 వాట్-గంటలు; సెల్‌ఫోనుకు 15; పడవలో ఊరిన నీటిని తోడు 50 వాట్ల పంపు అరగంట నడచినచో 25; వెరసి 200. మన ప్రాంతమున దినమునకు సుమారు ఐదు గంటల నిండుటెండతో సమానమైన వెలుతురు దొరకు ననుకొని, నూటికి ముప్పది పాళ్లు దారిలో నష్టమగునని తీసివేసినను, 60 వాట్ల ఫలకము 210 వాట్-గంటల నియ్యగలదు. ముసురు దినములకై 100 వాట్లది యెంచుకొనుట మేలు. ఇంజనును మాత్ర మిది నడుపజాలదు. ఐదు అశ్వశక్తుల ఇంజను బలము 3,700 వాట్లకు తక్కువ గాదు గదా! కేరళలో వైక్కము రేవునుండి 2017లో నడువనారంభించిన 75 మంది పట్టు 'ఆదిత్య' యను సౌరనౌకకు కప్పునిండ 20 కిలోవాట్ల ఫలకములు పరచవలసివచ్చినది.

ఇక ఉన్న యేర్పాటుతో దీనిని జతపరచుట. నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింద సేద్యము చేయువారికి ఇది సులభముగ బోధపడును. కాలువమట్టము చెరువుమట్టముకంటె ఎత్తుననున్నగాని నీరు పారదు. అట్లే 12 వోల్టుల బ్యాటరీ నిండవలెనన్న ఫలకము సుమారు 18 వోల్టుల నొసగవలయును. తూము నెవ్వరును చూడక విడిచినచో చెరువు పొర్లి గండిపడునట్లు, ఫలకమును తిన్నగా బ్యాటరీకి తగిలించినచో అందలి నీరు వాయువులుగా విడిపోయి తరిగిపోవును. అందులకే నడుమ చార్జి కంట్రోలరు అను తూము కాచు లష్కరు కావలయును. బ్యాటరీ 14.4 వోల్టుల దరి చేరగానే అది ప్రవాహమును తగ్గించును. రాత్రివేళ విద్యుత్తు వెనుకకు ఫలకములోనికి జారకుండ తలుపు మూయును. ఇంజనుకున్న డైనమోతో దీనికి వైరము లేదు: ఒకే చెరువునకు రెండు కాలువలు, చెరువు నిండినకొలది రెండును తమంత తామే వెనుదీయును.

తగిలించునప్పుడు కంట్రోలరునకు ముందు బ్యాటరీ, పిమ్మట ఫలకము. విప్పునప్పుడు ముందు ఫలకము, పిమ్మట బ్యాటరీ. బ్యాటరీ ధనధ్రువమునకు జేరువనే ఫ్యూజు ఉండవలయును. నిండుచున్న బ్యాటరీనుండి మండెడి హైడ్రోజను వాయువు వెలువడును గనుక, పెట్టెకు గాలిరంధ్రము లుంచవలెను. దాని చెంత బీడీ ముట్టింపరాదు. బ్యాటరీని సగమునకు మించి దిగనిచ్చినచో దాని యాయుస్సు క్షీణించును.

ఫలకములోని గడులు గొలుసువలె ఒకదానివెంట నొకటి కూర్చబడి యుండుటచే, ఆరవేసిన వలనీడ నాలుగు గడులపై బడినను తక్కినవానియుత్పత్తియు కుంటుపడును. మరియొక వింత: ఎండ పెచ్చిన కొలది విద్యుత్తు పెచ్చునని యనుకొందుము గాని, ఫలకమునకు వెలుతురు హితము, వేడి యహితము. 25 డిగ్రీలకుమించిన ప్రతి డిగ్రీకిని నూటికి సుమారు 0.4 పాళ్ల శక్తి తగ్గును. రోహిణీకార్తెలో ఫలకము 65 డిగ్రీలకు కాగెనా, 100 వాట్లది 84కు దిగును. కావున రేకుపై అంటించక, అడుగున గాలి యాడుటకు జానెడు సందు విడువవలెను.

వాడపల్లి నరసింహస్వామి గర్భాలయమున రెండు దీపములు చూపుదురు: స్వామి ముఖమునకు సరిగా నున్నది ఆయన శ్వాసకు కదలుచుండుననియు, క్రిందిది నిశ్చలముగ నుండుననియు భక్తుల విశ్వాసము. ఫలకము మొదటి దీపము వంటిది, మబ్బుతునక యడ్డమైనచో చలించును, బ్యాటరీ రెండవది. రాత్రివేటకు పోవు పడవ పగలెల్ల ఒడ్డుననే నిదురించును గదా! ఆ తీరికలోనే ఫలకమును ఇసుకకు జానెడెత్తున పరచి, పొద్దు వాలగానే మడిచి యింటికి బంపి, ఆ పడవవాడు ఇంజను నాపి దీపముక్రింద వలకై కనిపెట్టుకొని యుండవచ్చును.