తలుపు - తాళం - చలనచిత్రం

చలనచిత్రాలలో మూసిన తలుపు ఎంతోసేపు మూసి ఉండదు. కథానాయకుడు నాలుగడుగులు వెనుకకు వేసి, పరుగున వచ్చి భుజంతో ఢీకొంటాడు. తలుపు ముక్కలై నేల కూలుతుంది. కథానాయిక జడలోని పిన్ను తీసి రెండు క్షణాలలో తాళం విప్పుతుంది. పోలీసు అధికారి తాళంకప్ప మీద ఒక్క గుండు పేల్చగానే అది ఊడి పడుతుంది. 1970లో వచ్చిన 'ఆలీబాబా 40 దొంగలు' చిత్రంలో దొంగల గుహ మాటతోనే తెరచుకొంటుంది. అది అద్భుత కథ కనుక అక్కడి మంత్రాన్ని మనం మంత్రంగానే చూస్తాం. సాంఘిక చిత్రాలలోని భుజబలం, జడపిన్ను, తుపాకి కూడా ఇంచుమించు మంత్రాలే అన్న సంగతి మాత్రం మనకు తోచదు. ఈ పొరపాటు ఒక్కొక్కప్పుడు ప్రాణాల మీదికి తెస్తుంది.

వశిష్ఠ గోదావరి ఒడ్డున, నరసాపురానికి ఎదురుగా ఉన్న ఊరు సఖినేటిపల్లి. ఆ ఊరిలో ఒక పాత పెంకుటింటిని ఊహించుకొందాం. గది గడియ వేసుకొన్న వృద్ధురాలు లోపల జారిపడింది. మూలుగు వినిపిస్తూంది గాని, ఆమె లేచి గడియ తీయలేదు. బయట మనుమడు, ఇరుగుపొరుగువారు నిలిచి ఉన్నారు. మనుమడికి తాను చూసిన సినిమా గుర్తుకు వచ్చి, భుజం సవరించుకొన్నాడు. తరువాత ఏమి జరుగుతుంది?

పాత ఇళ్ళ తలుపులు దళసరి టేకు చెక్కతో చేసినవి. ద్వారబంధం గోడలోనికి దిగి ఉంటుంది. జంట తలుపులకు అడ్డగడియ ఉంటే బయటి తాకిడిని ఆ దూలం ఇరువైపులా గోడకు పంచిపెడుతుంది. వానకాలంలో చెక్క ఉబ్బి తలుపు మరింత బిగుసుకొంటుంది. ఇటువంటి తలుపును భుజంతో కొట్టినప్పుడు దెబ్బ విశాలమైన ప్రదేశంలో పరచుకొంటుంది. గడియ ఉన్న చోట చేరవలసిన బలం చేరదు. తలుపు ఎంత బలంగా నెడితే భుజాన్ని అంత బలంగానూ తిరిగి నెడుతుంది. చెక్కకు ముందు ఎముక స్థానం తప్పే ప్రమాదమే ఎక్కువ. వెండితెర మీది తలుపు ఆ సన్నివేశం కోసమే చేసినది. దానికి తేలిక చెక్క వాడి, విరగవలసిన చోట ముందే కోసి ఉంచుతారు. మనం చూసేది నటుని బలం కాదు, వడ్రంగి నేర్పు.

ఇక జడపిన్ను సంగతి. నేటి తాళాలలో చాలావాటి లోపల చిన్న చిన్న కడ్డీలు గాని, మీటలు గాని వరుసగా ఉంటాయి. సరియైన తాళంచెవి వాటినన్నింటినీ ఒకేసారి తగిన ఎత్తుకు లేపినప్పుడే తాళం తిరుగుతుంది. తాళంచెవి లేకుండా ఆ పని చేయాలంటే ఒక పనిముట్టుతో తాళాన్ని తిప్పుతూ, మరొక దానితో లోపలి భాగాలను ఒక్కొక్కటిగా అమర్చుకొంటూ పోవాలి. ఒక్క పిన్నుతో అది సాధ్యం కాదు. 1851లో లండను మహాప్రదర్శన జరిగినప్పుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికా తాళాల నిపుణుడు, అంతవరకు ఎవరికీ లొంగని బ్రామా తాళాన్ని తెరిచాడు. అందుకు 16 దినాలలో మొత్తం 51 గంటలు పట్టింది. ఆనాడే చబ్ అనే మరొక ప్రసిద్ధ తాళాన్ని 25 నిమిషాలలో తెరిచాడు. నేటి చౌకరకం తాళాలను నిపుణులు నిమిషాలలోనే విప్పగలరు. కాని సముద్రపు ఉప్పుగాలి సోకే కోనసీమలో తుప్పు పట్టిన తాళంకప్పకు సొంత తాళంచెవే మొరాయిస్తుంది! పైగా మన వృద్ధురాలి గదికి వేసినది లోపలి గడియ. దానికి బయటినుండి తాళపు రంధ్రమే లేదు. ప్లాస్టిక్ కార్డును సందులో దూర్చే ఉపాయం స్ప్రింగుతో వెనుకకు జరిగే నాలుక ఉన్న తలుపులకే కొంతవరకు పనికి వస్తుంది. గడియకు, గొళ్ళేనికి పనికిరాదు.

తుపాకి మరింత ప్రమాదకరమైనది. గుండు తగిలిన తాళం వంగిపోవచ్చు. వంగిన తాళానికి తాళంచెవి కూడా పట్టదు. లోహపు తునకలు ఎగిరి పేల్చినవానికే తగలవచ్చు. గుండు తలుపును దాటితే లోపలివారి ప్రాణం తీయవచ్చు. సుశిక్షితులైన దళాలు తలుపులు తెరవడానికి తగలగానే పొడి అయ్యే ప్రత్యేకమైన గుళ్ళను వాడేది ఇందుకే.

తలుపును బలంతో గెలవడం కష్టమని మన పూర్వులకు బాగా తెలుసు. శూద్రకుని 'మృచ్ఛకటికం' మూడవ అంకంలో శర్విలకుడు చారుదత్తుని ఇంటిలో దొంగతనానికి వస్తాడు. అతడు తలుపు మీద పడి పొర్లాడడు. గోడలో నీరు పడి నానిన చోటు ఏది, ఉప్పు తిన్న ఇటుక ఏది అని పరీక్షించి, అక్కడ కన్నం వేస్తాడు. దండి రచించిన 'దశకుమార చరితం'లో అపహారవర్మ చౌర్యానికి తీసికొని వెళ్ళే సామగ్రిలోనూ గోడ తవ్వే పనిముట్టు ఉంది. 13వ శతాబ్దిలో కేతన ఈ కావ్యాన్ని తెలుగు చేశాడు. మన భాషలో 'కన్నపు దొంగ' అనే మాట నిలిచింది గాని, తలుపు విరిచే దొంగకు అటువంటి ప్రత్యేకమైన పేరు ఏర్పడలేదు. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 445వ సెక్షనులో గృహభేదనానికి ఇచ్చిన మొదటి ఉదాహరణ కూడా గోడకు కన్నం వేయడమే. 2024 జూలై 1న ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చింది. దొంగ చేసిన పని నింద్యమే. కాని ఎక్కడ బలహీనత ఉన్నదో వెదకిన అతని పరిశీలన మాత్రం గమనింపదగినది.

ఆ పరిశీలననే మంచి పనికి వినియోగించాలి. మళ్ళీ మన పెంకుటింటికి వద్దాం. మనుమడు మొదట చేయవలసినది తలుపును తన్నడం కాదు, బామ్మను పలుకరించడం. ఆమె తలుపు వెనుకనే పడి ఉంటే, తలుపు లోపలికి కూలి ఆమె మీదనే పడుతుంది. కిటికీ ఉన్నదేమో చూడాలి. పైకప్పు పెంకులు తొలగించి, ఒకరు జాగ్రత్తగా లోపలికి దిగగలరేమో ఆలోచించాలి. బందుల మరచీలలు బయటివైపు ఉంటే వడ్రంగి వాటిని విప్పి తలుపునే తీసివేయగలడు. ఇంతలో ఒకరు అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108 సంఖ్యలకు ఫోను చేయాలి. అగ్నిమాపక సిబ్బంది కూడా తలుపును గుద్దుకొంటూ కూర్చోరు. గడియకు దగ్గరగా సందు చూసి, గునపం వంటి పనిముట్టును దూర్చి మీటుతారు. పొడవైన మీట కొసన పెట్టిన కొద్దిపాటి బలం మొనవద్ద ఎన్నో రెట్లు అవుతుందని మీరు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. వృద్ధులు, పిల్లలు వాడే గదులకు బయటినుండి కూడా తీయగల గడియలు అమర్చుకొంటే ఇంత ఇబ్బంది రాదు.

సినిమాను సినిమాగా చూసి ఆనందించడంలో తప్పు లేదు. ఆపద వచ్చిన వేళ మాత్రం భుజం కంటే ముందు బుద్ధి కదలాలి. తలుపుకు అవతల ఉన్న మనిషిని మరువనివాడే దానిని సరిగా తెరవగలడు.