గాలి మీద నడిచిన పడవ

భూపాలపల్లి వైపు వారు కాళేశ్వరం కాడ గోదావరిలో పడవ ఎక్కే ఉంటారు. అవతలి ఒడ్డు కనబడుతూనే ఉంటది. నెల దాటినా ఒడ్డు కనబడకపోతే?

పూర్వం ఇంజన్లు లేనప్పుడు ఓడలు ఎక్కువగా తెరచాపతో నడిచేవి. మన నౌకాదళం వారి 'తారిణి' కూడా తెరచాప పడవే. పొడవు 55 అడుగులు. అంటే ఒకటిన్నర బస్సంత.

2017 సెప్టెంబరు 10న అది భూగోళం చుట్టి రావడానికి గోవాలో బయలుదేరింది. అందులో ఆరుగురు, అందరూ ఆడ ఆఫీసర్లే. నాయకురాలు వర్తికా జోషి. ఇద్దరు తెలుగు బిడ్డలు: విశాఖపట్నం పి. స్వాతి, హైదరాబాద్ బొడ్డపాటి ఐశ్వర్య.

గాలి ఆగితే పడవ ఆగుతది. గాలి ముదిరితే తెరచాప తగ్గించాలి. అర్ధరాత్రి అయినా తప్పదు. కొందరు పడుకుంటే కొందరు చుక్కాని పట్టాలి.

పసిఫిక్ సముద్రంలో తుఫాను పట్టుకున్నది. గాలి గంటకు 100 కిలోమీటర్లు దాటింది. అలలు 7 మీటర్లు, రెండంతస్తుల మేడంత! ఎముకలు కొరికే చలి. అయినా 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొస, కేప్ హార్న్ దాటారు. నావికులు ఎప్పటినుంచో భయపడే చోటు అది.

తిరుగు దారిలో ఇంకో కష్టం. చుక్కాని తిప్పే యంత్రం చెడిపోయింది. ఎడ్లబండికి పగ్గం తెగినట్టే! మారిషస్ రేవుకు చేరి బాగు చేయించుకున్నారు.

మే 21న గోవాకు వచ్చారు. మొత్తం 254 రోజులు. అందులో 199 రోజులు నీళ్ళ మీదనే.