వేళ్లు తేలాయా.. గొడ్డలి ఎత్తకండి!

* పెరటి చెట్టును నిలబెట్టేవి అవే
* పలచగా కప్పితే చాలు

బరంపురం: ఇంటి ముందు కాస్త లాన్‌, మధ్యలో ఓ మామిడో తురాయో. ముచ్చటపడి నాటిన మొక్క పాతికేళ్లకు మానవుతుంది. గడ్డిలోంచి వేళ్లు పాముల్లా పైకి లేస్తాయి. పిల్లలు తట్టుకుని పడుతున్నారని, గడ్డి కోసే యంత్రం కదలడం లేదని ఇంటాయన గొడ్డలి అందుకుంటారు. తుపాన్ల దారిలో ఉన్న గంజాం జిల్లాలో ఈ పని ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

పైలీన్‌ను మరవొద్దు
2013 అక్టోబరు 12 రాత్రి పైలీన్‌ గోపాల్‌పూర్‌ వద్ద తీరం దాటినప్పుడు బరంపురంలో చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. సరిహద్దుకు అటు శ్రీకాకుళం, ఇటు గంజాం, గజపతి జిల్లాలు దెబ్బతిన్నాయి. అంత గాలికి వేళ్లన్నీ ఉన్న చెట్టే తట్టుకోవడం కష్టం. ఒకవైపు వేళ్లు నరికేస్తే ఇక దానికి పట్టేముంటుంది?

ఎందుకు తేలతాయంటే..
చెట్టు వేళ్లు పాతాళానికి పోతాయనుకుంటాం. నిజానికి చాలా చెట్లకు ఎక్కువ వేళ్లు పైన ఒకటిన్నర, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. గాలి, నీరు దొరికేది అక్కడే. ఏటికేడు అవి లావెక్కి పైకి కనిపిస్తాయి. వానకు మట్టి కొట్టుకుపోయినా, తొక్కిడికి నేల గట్టిపడినా, రోజూ పైపైన నీళ్లు చల్లినా ఈ బాధ పెరుగుతుంది.

ఏం చేయాలి?
* చెట్టు కింద గడ్డి మీద ఆశ వదులుకోండి. అక్కడ యంత్రం తిప్పొద్దు. వేరు బెరడు చెక్కుకుపోతే పురుగు, కుళ్లు చేరతాయి.
* ఎండుటాకులు, కొబ్బరి పీచు రెండు మూడంగుళాల మందాన పరవండి. మొదలుకు మాత్రం జానెడు దూరం వదలండి.
* తట్టల కొద్దీ మట్టి పోయొద్దు. సిమెంటు అసలే వద్దు. వేళ్లకు గాలాడక చెట్టు నెమ్మదిగా ఎండుతుంది. ఎరువు కలిపిన మట్టి ఒక అంగుళం చాలు.
* వేళ్ల సందుల్లో నీడకు పెరిగే స్పైడర్‌ ప్లాంట్‌, రియో లాంటివి చేత్తోనే నాటండి. పార వాడొద్దు.
* వేసవిలో వారానికోసారి, నేల లోపలిదాకా నానేలా నీళ్లు పెట్టండి.

కోయక తప్పకపోతే..
గోడకో, పైపుకో అడ్డొస్తే చిన్న వేరు ఒకటి తీయొచ్చు. అదీ మొదలు లావుకు కనీసం అయిదు రెట్ల దూరంలోనే. అడుగు లావు చెట్టయితే అయిదడుగుల అవతలన్నమాట. పదునైన రంపంతో నున్నగా కోయాలి. రెండంగుళాలు మించిన వేరు జోలికి మాత్రం పోవద్దు. అక్టోబరు, నవంబరు తుపాన్ల ముందు ఏ వేరూ కోయకండి.

చెట్టు కొత్తగా ఒకవైపు ఒరిగినా, మొదట్లో నేల పగిలినా, పుట్టగొడుగులు లేచినా ఆలస్యం చేయొద్దు. చెట్ల సంగతి తెలిసినవారికి వెంటనే చూపించాలి.