నిజాంసాగరము - నీటిలోని పంట

జలాశయమనగానే మన మనస్సునకు స్ఫురించునది పంట కాలువ. గట్టుకు దిగువన పండు వరిని గూర్చియు, చెరకును గూర్చియు లెక్కలు చెప్పువారు పెక్కుమంది కలరు. గట్టుకు ఎగువన, ఆ నీటిలోనే పెరుగు మరియొక పంటను గూర్చి ఆలోచించువారు తక్కువ. ఆ పంట చేప. దానికిని విత్తనము కలదు, అదను కలదు, కలుపు కలదు, కోత కలదు. అదను తప్పిన రైతు నష్టపోయినట్లే అదను తప్పి వల వేసిన జాలరియు నష్టపోవును. మనకు దగ్గరలోనున్న నిజాంసాగరమును ఉదాహరణముగా గైకొని ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

జలాశయ స్వరూపము

మంజీర మహారాష్ట్రములోని బాలాఘాటు కొండలలో పుట్టి, కర్ణాటకములోని బీదరు ప్రాంతమును తడిపి, తెలంగాణమున ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. ఈ నదిపై, నేటి కామారెడ్డి జిల్లాలో, 1923లో ప్రారంభించి 1931 నాటికి పూర్తి చేసినదే నిజాంసాగరము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, ప్రసిద్ధ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యమున ఈ నిర్మాణము జరిగినది. ఆయన జన్మదినమైన జూలై 11ని తెలంగాణము ఇంజనీర్ల దినముగా పాటించుచున్నది.

కట్టిన నాడు ఈ జలాశయమున దాదాపు 29.7 టి.ఎం.సి.ల నీరు నిలిచెడిది. కాని మంజీర నీటితోపాటు మట్టిని కూడ మోసికొని వచ్చు నది. పరీవాహక ప్రాంతములోని నల్లరేగడి భూముల నుండి ఏటేట కొట్టుకొనివచ్చిన ఒండ్రు అడుగున పేరుకొనుటచే, 1970 దశకము నాటికి ఆ సామర్థ్యము 12 టి.ఎం.సి.లకు లోపునకు పడిపోయినది. తరువాత నీటిమట్టమును 1,405 అడుగులకు పెంచి, సామర్థ్యమును 17.8 టి.ఎం.సి.లకు తెచ్చిరి. ఎగువన సింగూరు ప్రాజెక్టు నిర్మింపబడిన పిదప, నిజాంసాగరమునకు వచ్చు నీరు సింగూరు మిగులుపైనను, విడుదలపైనను ఆధారపడినది.

ఈ లెక్కలకును చేపలకును సంబంధమేమి యని పాఠకులు అడుగవచ్చును. సంబంధము చాల దగ్గరిది. పూడిన జలాశయము లోతు తక్కువ. లోతు తక్కువైన నీరు త్వరగా వేడెక్కును, త్వరగా తరుగును. వేసవిలో కాలువలకు నీరు వదలిన పిదప మిగులునది కొద్దిపాటి మడుగులే. చేప జీవితమంతయు ఆ మడుగుల మీద ఆధారపడియుండును.

ఋతువులు, నీటి స్థితి

తొలకరి వరదతో వచ్చు నీరు ఎఱ్ఱగను, మడ్డిగను ఉండును. వెలుతురు లోనికి చొరదు. కాని ఆ మడ్డిలోనే నేల సారము కలదు. వేసవిలో నీరు వెనుకకు జరుగగా బయటపడిన నేలపై గడ్డి మొలచును, పశువులు మేయును. వరద వచ్చి ఆ గడ్డిని, పేడను ముంచినపుడు అవి కుళ్ళి నీటికి ఎరువగును. ఆశ్వయుజ, కార్తీక మాసములలో నీరు తేటపడిన పిదప సూర్యకాంతి లోనికి ప్రసరించి, కంటికి కనబడని సూక్ష్మ వృక్షములును, వానిని తిను సూక్ష్మ జీవులును వృద్ధి పొందును. పిల్లచేపకు ఇదియే పాలు, ఇదియే అన్నము.

వేసవి కాలము చేపకు గడ్డుకాలము. నీరు వేడెక్కిన కొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. రాత్రివేళ నీటి మొక్కలు కూడ ప్రాణవాయువును పీల్చుకొనుటచే, తెల్లవారుజామున నీటిలో దాని పరిమాణము మిక్కిలి తక్కువగా నుండును. ఆ వేళ చేపలు పైకి వచ్చి నోరు తెరచుచుండుటను చెరువు గట్టు గ్రామములవారు ఎరుగుదురు. మడుగులలో చేపలు గుమికూడుటచే వలకు సులభముగా దొరకును. సులభముగా దొరకుటయే ప్రమాదము. రాబోవు సంవత్సరమునకు మిగులవలసిన తల్లి చేపలు కూడ ఆ మడుగులలోనే యుండును గదా!

చేపల జాతులు

మన జలాశయములలో పెంచు చేపలలో ముఖ్యమైనవి మూడు. బొచ్చె చేప పెద్ద తల కలది. నోరు పైకి తిరిగియుండును. అది నీటి పైభాగమున తిరుగుచు సూక్ష్మ జీవులను తినును. రోహు చేప నడిమి నీటిలో మేయును. ఉర్దూలో దీనినే రహూ అందురు. మృగాల చేప అడుగున తిరిగి కుళ్ళిన పదార్థములను ఏరుకొని తినును. ఒకే ఇంటిలో మూడంతస్తులలో మూడు కుటుంబములు కలహము లేక నివసించినట్లు, ఈ మూడును ఒకే నీటిలో ఒకదాని మేతకు మరియొకటి అడ్డురాక పెరుగును. బయటి దేశముల నుండి వచ్చిన బంగారుతీగ, గడ్డిచేప కూడ మన నీళ్ళకు అలవాటుపడినవి.

సహజముగా పెరుగు జాతులలో అగ్రస్థానము కొర్రమీనుదే. హైదరాబాదు బజారులో మర్రల్ అని పిలువబడు ఈ చేప తెలంగాణ రాష్ట్ర మత్స్యము. నీటిలోని వాయువే గాక బయటి గాలిని కూడ పీల్చగలదు. కావున బురదలోనైనను కొంతకాలము బ్రతుకును. గడ్డి నడుమ గూడు కట్టి, గ్రుడ్లను, పిల్లలను కాపాడుట దీని విశేషము. ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపై కదలుచుండగా క్రింద తల్లిదండ్రులు కావలి కాయుచుండును. ఆ సమయమున తల్లిచేపను పట్టినచో గుంపంతయు ఇతర చేపల పాలగును.

వాలుగ పెద్ద నోరు గల మాంసాహారి. జెల్లలు మీసములు కలవి; అడుగున తిరుగును. పరిగెలు చిన్నవే యైనను పేదవాని కంచమున పోషకాహారము. ఇటీవలి దశాబ్దములలో తిలాపియా అను విదేశీ జాతి పలు జలాశయములలో విస్తరించినది. అది త్వరత్వరగా సంతానమును వృద్ధిచేసికొని, ఇతర చేపల మేతను, తావును ఆక్రమించును. నీటిలోని కలుపు మొక్క యని దీనిని చెప్పవచ్చును.

విత్తన సమస్య

బొచ్చె, రోహు, మృగాల నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. వాటికి వానాకాలపు పారు నీరు కావలెను. పూర్వము వరద కాలమున నదులలో పిల్లలను పట్టి తెచ్చి చెరువులలో వదలెడివారు. అందు పనికిరాని జాతులును కలసి వచ్చెడివి. ఈ చిక్కును విడదీసినవారు డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ కె. హెచ్. అలికున్హి. వారు 1957 జూలై 10న ఒడిశాలో, చేప మెదడు క్రింద నుండు పిట్యూటరీ గ్రంథి రసమును తల్లిచేపకు ఎక్కించి, నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టించిరి. ఆ దినమునే దేశమంతట మత్స్య రైతుల దినముగా జరుపుచున్నారు. జలాశయమును నిర్మించినవాని దినము జూలై 11, దానిలో చేపను నింపు మార్గము చూపినవారి దినము జూలై 10! ఈ రెండును పక్కపక్కన నుండుట యాదృచ్ఛికమే యైనను, మన విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

తెలంగాణ ప్రభుత్వము 2016-17 నుండి జలాశయములలో ఉచితముగా చేప పిల్లలను వదలు పథకమును చేపట్టినది. పెద్ద జలాశయములకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలను, చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలను నిర్ణయించిరి. వాలుగ, కొర్రమీను తిరుగు పెద్ద నీటిలో చిన్న పిల్లను వదలుట వాని నోటికి ముద్ద అందించుటయే. కావున సంఖ్య ఎంత యని అడుగుటకు ముందు పరిమాణమెంత, ఏ మాసమున వదలిరి యని అడుగవలెను. వానలు వెనుకబడి ఆలస్యముగా వదలిన పిల్ల వేసవి నాటికి ఎదుగదు.

వల, నిగ్రహము

సాయంకాలము పుట్టిపై వెళ్ళి నిలువు వలలు కట్టి, వేకువను తీయుట జలాశయములలో సాధారణ పద్ధతి. చేప తల దూర్చి మొప్పల వద్ద చిక్కుకొనును. వల కన్ను పెద్దదైనచో చిన్న చేప తప్పించుకొని పెరుగును. చిన్నదైనచో నేటి పరక, రేపటి కిలో రెండును పోవును. ఒడ్డున విసురు వలయు, గాలమును వాడుదురు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. మృగశిర కార్తె ప్రవేశించు దినమున చేప తినుట తెలంగాణమున పురాతన ఆచారము. మతభేదము లేక ఆ దినమున బజారులు కిటకిటలాడును. కాని జూన్ మాసము చేపల కడుపున గ్రుడ్లు నిండు కాలము. ఒక్క తల్లిచేప కడుపున లక్షల కొలది గ్రుడ్లుండును. ఆచారమును మానుమని మేము చెప్పుట లేదు. ఆ దినమునకు చెరువులలో పెంచిన చేపను కొని, జలాశయపు తల్లిచేపను విడిచిపెట్టినచో ఆచారమును నిలుచును, సంతతియు నిలుచును. అదేవిధముగా సంతానోత్పత్తి కాలమున వేట మానవలెనని జాలరిని కోరునపుడు, ఆ దినములలో అతని పొయ్యి ఎట్లు వెలుగునో కూడ సమాజము ఆలోచింపవలెను. ఆకలితోనున్నవానికి నిగ్రహమును బోధించుట సులభము; పాటించుట కష్టము.

కాలువకు వదలవలసిన నీటిని లెక్కించునట్లే, వేసవి తుదిన చేపకు మిగులవలసిన నీటిని కూడ లెక్కించిన నాడే జలాశయము రెండు పంటలను ఇచ్చును. రైతు, జాలరి ఇరువురును ఒకే నీటి బిడ్డలు. జంతుశాస్త్రము చదువు మన విద్యార్థులు పుస్తకములోని చేప బొమ్మతో తృప్తిపడక, ఒకమారు నిజాంసాగరమునకు పోయి, పుట్టి దిగిన జాలరితో మాటలాడుదురు గాక! అతడు చెప్పు సంగతులలో సగము వారి పాఠ్యగ్రంథములలో లేవు.