పెద్దవారి యవధానలోపము

మార్కాపురపు పలకల నడుమనే నా యుపాధ్యాయవృత్తి గడచినది. గిద్దలూరు వైపునుండి వచ్చిన యొక బాలుడు నా తరగతిలో నుండెను. లెక్క సగము వేసి కిటికీవంక చూచుచుండును; పలక నెక్కడనో మరచి వచ్చును; కూర్చున్నచోట కుదురుగా నుండడు. సోమరి యని బెత్తముతో కొట్టితిని. నలువదియేండ్లు దాటిన పిమ్మట నిటీవల నతడు మా యింటికి వచ్చి, "అయ్యవారూ, నాకు మనసు నిలవదు. బ్యాంకు కిస్తు గడువు మరచిపోతాను. పట్టిన పని ముగియదు. ఇది నా తప్పా, జబ్బా?" అని యడిగెను. నాకు వెంటనే బదులు తోచలేదు.

ఇది క్రొత్తగా పుట్టిన మాట కాదు. 1798లోనే క్రైటను అను స్కాట్లండు వైద్యుడు మనస్సు నిలువని స్థితిని వర్ణించెను. 1902లో జార్జి స్టిల్ లండనులో బాలురనుగూర్చి యుపన్యసించెను. పెద్దవారికై ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున సిద్ధమైన ప్రశ్నావళి 2005లో వెలువడినది. అందలి ప్రశ్నలు 18. మొదటి 6 జల్లెడ వంటివి. గడచిన ఆరు మాసములలో పని తుదిఘట్టమున నాగిపోవుట, పనులను వరుసగా నమర్చుకొనలేకుండుట, ఒప్పుకొన్నవి మరచుట, ఆలోచన కావలసిన పనిని వాయిదా వేయుట, కూర్చున్నచోట కాలుసేతులు కదలించుట, యంత్రము తోలినట్లు తిరుగుట — ఇవి యెంత తరచుగా జరిగినవో చెప్పవలెను. మొదటి మూడింటికి 'అప్పుడప్పుడు' అన్నను లెక్కకు వచ్చును. తక్కిన మూడింటికి 'తరచుగా' అనవలెను. నాలుగు లెక్కకు వచ్చినచో వైద్యుని చూడవలయును.

చూడవలయునన్నానే గాని, వ్యాధి యున్నదనలేదు. జల్లెడలో నిలిచినదెల్ల గింజ గాదు గదా! నిద్రలేమి, దిగులు, ఆందోళనము, థైరాయిడు దోషము గూడ మనస్సు నిట్లే చెదరగొట్టును. కావుననే వైద్యుడు బాల్యమును విచారించును. 2013 నాటి అమెరికా మనోవైద్యుల గ్రంథము ననుసరించి, లక్షణములు కొన్ని పండ్రెండేండ్ల లోపుననే కనబడి యుండవలెను. ఇంటను పనిచోటను గూడ బాధింపవలెను. నిర్ణయమైనచో మందులును, అలవాట్లు దిద్దు శిక్షణమును కలవు. మొదటి సలహాకు 2022లో నారంభమైన ప్రభుత్వపు టెలీ మానస్, 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును, రుసుము లేదు.

మా శిష్యుని తల్లిదండ్రులు గతించిరి. అతని బాల్యమునకు మిగిలిన సాక్షిని నేనే. వైద్యునికి చూపుటకై జ్ఞాపకమున్నదంతయు రెండు పుటలలో వ్రాసి యిచ్చితిని. బెత్తము సంగతియు వ్రాసితిని.