పిల్లల గురకను తేలికగా తీసుకోవద్దు



“మావాడు గుర్రుపెట్టి హాయిగా నిద్రపోతాడండీ” అని మనలో చాలామంది మురిపెంగా చెప్పుకుంటాం. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వస్తే భయం లేదు. వారానికి మూడు రాత్రులు, అంతకు మించి, నెలల తరబడి వస్తుంటే మాత్రం అది హాయైన నిద్ర కాదు. ఊపిరి కోసం పెనుగులాట.

ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు, గొంతులోని టాన్సిల్స్ 2 నుంచి 8 ఏళ్ళ వయసులో గొంతుదారికి మించి పెద్దవిగా ఉంటాయి. నిద్రలో గొంతు కండరాలు సడలగానే దారి మూసుకుపోయి ఊపిరి క్షణాలపాటు ఆగుతుంది. బిడ్డ ఉలిక్కిపడి మళ్ళీ గాలి పీలుస్తుంది. రాత్రంతా ఇదే వరస. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. దుమ్ము అలర్జీ, అధిక బరువు దీన్ని పెంచుతాయి. ఇబ్రాలో ఉండే మనకు దుమ్ము కొత్త కాదు కదా!

ఎదుగుదల ఎందుకు తగ్గుతుంది? ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. నిద్ర తెగుతుంటే అదీ తగ్గుతుంది. ఊపిరి లాగడానికే రాత్రంతా శక్తి ఖర్చవుతుంది. పెద్ద టాన్సిల్స్ వల్ల ముద్ద మింగడమూ కష్టమే. అందుకే ఎన్ని పాలు, ఎంత నెయ్యి పెట్టినా కొందరు బరువు పెరగరు. పెద్దల్లా పగలు కునుకు తీయకుండా, చాలామంది పిల్లలు అతి అల్లరి, చిరాకు, చదువులో ధ్యాస లేకపోవడం చూపిస్తారు. పక్క తడపడం, పొద్దున్నే తలనొప్పి, నోరు తెరిచి పడుకోవడం కూడా గుర్తులే.

ఇది కొత్త సంగతి కాదు. టాన్సిల్స్ పెరిగిన పిల్లల గురకను, మధ్యమధ్య ఆగే ఊపిరిని, మందగించే బుద్ధిని విలియం ఆస్లర్ 1892లోనే తన వైద్యగ్రంథంలో వర్ణించారు. 2013లో అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 464 మందిపై జరిగిన అధ్యయన ఫలితాలు వచ్చాయి. ఏడు నెలల్లో, ఆపరేషన్ అయినవారిలో 79 శాతం మందికి, ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూసినవారిలో 46 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలైంది. అంటే ఆపరేషన్ మంచి వైద్యమే కానీ అందరికీ అవసరం లేదు. ఆ నిర్ణయం డాక్టరుది.

మనం చేయవలసింది ఇంతే. బిడ్డ నిద్రపోయాక పది నిమిషాలు పక్కన కూర్చుని చూద్దాం. ఊపిరి ఆగుతున్నా, ఛాతీ లోపలికి లాక్కుంటున్నా ఫోనులో వీడియో తీసి పిల్లల డాక్టరుకు చూపిద్దాం. ఎత్తు, బరువు ఆరు నెలలకోసారి రాసి పెడదాం. వేసవి సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు చూపిద్దాంలే అని వాయిదా వేయకండి. ఎదిగే వయసులో ఆరు నెలలు చిన్న కాలం కాదు.