మాత్రలో మందు చెదిరిందా.. పేరుకుందా?

అనకాపల్లి అనగానే బెల్లమే గుర్తొస్తుంది. కానీ హెచ్ఐవీ మందులకి పేరున్న లారస్ ల్యాబ్స్ లాంటి కంపెనీల ప్లాంట్లు ఉన్నదీ ఈ జిల్లాలోనే.. పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురంలో. మందు తయారైతే చాలదు, కడుపులో కరగాలి కదా! చిక్కంతా అక్కడే.

కలకండ నోట్లో వేసుకుంటే ఓ పట్టాన కరగదు. తీర్థంలో కొన్న పీచుమిఠాయి నాలుక మీద పెట్టగానే మాయం. రెండూ పంచదారే! కలకండలో అణువులు వరుసకట్టి బిగుసుకుని ఉంటాయి. అదే స్ఫటికం. పీచుమిఠాయిలో ఆ వరుస ఉండదు. నీళ్లలో కరగనని మొండికేసే మందుల్నీ ఇలాగే దారికి తెస్తారు. కోపోవిడోన్ లాంటి నీళ్లలో కరిగే పాలిమర్‌తో కలిపి, వేడి చేసి కరిగిస్తారు. చల్లారాక మందు అణువులు పాలిమర్ మధ్య ఎక్కడివక్కడ ఇరుక్కుపోతాయి.

మరి పీచుమిఠాయిని గాలికి వదిలేస్తే? తేమ పీల్చి గట్టిపడుతుంది. మందుకీ అదే గండం.

స్ఫటికాలు ఎంత పని చేస్తాయో రిటోనావిర్ చూపించింది. ఈ హెచ్ఐవీ మందు 1996లో వచ్చింది. 1998లో దాని క్యాప్సూల్స్‌లో అంతకుముందు ఎవరూ చూడని కొత్తరకం స్ఫటికాలు కనిపించాయి. మందు అదే, కరగడమే తగ్గిపోయింది. అబాట్ కంపెనీ క్యాప్సూల్స్ ఆపేసింది. రోగులు రుచి భరించలేని ద్రవం తాగాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన క్యాప్సూల్స్‌ని ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేని ఇళ్ల సంగతేంటి? 2005లో లోపినావిర్‌తో కలిపి, కోపోవిడోన్‌లో చెదరగొట్టిన మాత్ర వచ్చాకే ఆ బాధ తప్పింది.

లోపల మందు సరిగ్గా చెదిరిందో లేదో కంటికి కనిపించదు. ఎక్స్‌రే పెడితే స్ఫటికం ఉన్నచోట సూదుల్లాంటి గీతలొస్తాయి, లేకపోతే దిబ్బలాంటి వంపు. అయితే స్ఫటికాలు మరీ కొద్దిగా ఉంటే ఎక్స్‌రేకి దొరకవు. అందుకే పొడిని మెల్లగా వేడి చేస్తూ డీఎస్‌సీ మెషీన్‌లో చూస్తారు. మెత్తబడే ఉష్ణోగ్రత ఒక్కటే వస్తే బాగా కలిసినట్టు, రెండొస్తే మందూ పాలిమరూ విడిపోయినట్టు. రామన్ లేజర్‌తో చుక్క చుక్కా మ్యాప్ కూడా గీస్తారు. ఆ తర్వాత 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో 6 నెలలు ఉంచి మళ్లీ పరీక్షలు. మన తీరప్రాంతపు ఉక్కపోత తెలిసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు!

కాబట్టి మాత్రలన్నీ ముందే స్ట్రిప్‌లోంచి తీసి డబ్బాలో పోసుకోవద్దు. డాక్టర్ని అడక్కుండా నూరి ఇవ్వొద్దు కూడా. లోపినావిర్-రిటోనావిర్ మాత్రని నూరి పిల్లలకి ఇచ్చి చూస్తే, రక్తంలోకి చేరిన మందు దాదాపు సగానికి పడిపోయింది.